తలలేని కొండ మీద శనివారం

కెంటకీలో మా వైపు
కొన్ని కొండలకు తలలుండవు.
బొగ్గు కోసం పైన కోసి పట్టుకుపోయారు.
మిగిలిన మెడ మీద, చట్టం ఊరుకోదని,
ఏదో గడ్డి చల్లి వెళ్లారు.

గని మూసిన ఏడాది
ఇంటి కిస్తీ, ట్రక్కు కిస్తీ,
చివర్లో గుర్రం దాణా.
ముందు ఏది ఆగుతుందో ఎవరైనా చెప్పగలరు.
చీకటి పడ్డాక ట్రైలర్లు బరువుగా పైకెళ్లేవి.
తిరిగొచ్చేటప్పుడు ఖాళీ రేకుల చప్పుడు
లోయ లోయంతా వినపడేది.
పొద్దున కాఫీ దగ్గర
ఎవరం ఎవరినీ అడిగేవాళ్లం కాదు.

వేసవిలో పర్లేదు.
జనవరిలో చూడాలి వాటిని.
మంచు కరగడానికి చల్లిన ఉప్పు కోసం
నడిరోడ్డు మీద తలలు వంచి నాకుతుంటాయి,
హారన్ కొట్టినా కదలవు.
మలుపు తిరిగిన లారీకి
అప్పుడప్పుడూ ఒకటి తగ్గుతుంది.

డెల్ఫియా స్కూలు బస్సు నడుపుతుంది.
"ఉప్పు మనమే పైకి మోసుకెళ్తే
అవి కిందికి రావు కదా" అంది ఒకరోజు.
అంతే మొదలు.
సంఘం లేదు, రసీదు పుస్తకం లేదు.
ఉప్పు దిమ్మెలు, ఎండుగడ్డి మోపులు,
వెర్లన్ పాత ట్రక్కు, నా గిట్టల కత్తి,
చర్చి వంటింట్లోంచి ఒలీటా పంపే చిక్కుళ్ల సూపు,
అది మాకు.

గిట్టలు చూశాను, పాత చెప్పుల్లా
కొసలు పైకి తిరిగినవి.
ఒక ముసలి ఆడగుర్రానికి
రెండు కళ్లలోనూ విరిగిన పాలలాంటి పొర.
"దీనికెందుకు ఇంకా?" అన్నాడు
పట్నం నుంచి సాయానికొచ్చిన కుర్రాడు.
గుడ్డిదైనా దాణా తప్పదు బాబూ,
ఆకలికి కళ్లుంటేగా!

ఆ శనివారం ఎర్రది దొరికింది.
మూడు వారాలు
ఓట్ల బకెట్ చూపిస్తూ వెనక్కి వెనక్కి నడిస్తే దొరికింది.
పిల్లగా ఉన్నప్పుడు తొడిగిన ముఖతాడు
ఎవరూ విప్పలేదు.
గుర్రం పెరిగింది. తాడు పెరగలేదు.
ముక్కు ఎముక దగ్గర నైలాను లోపలికి దిగిపోయి,
దాని మీదుగా చర్మం మూసుకుంది,
కంచె తీగను చెట్టు మింగినట్టు.
వాసన గురించి రాయను.

డాక్టరమ్మ మత్తు సూది వేసింది.
వెర్లన్ తల పట్టుకున్నాడు, నేను కోస్తున్నాను.
నీలం పీచు పోగు పోగుగా బయటికొస్తోంది.
చెవి వెనక, బకిల్ విరిగిన చోట
ఎవరో తీగతో ముడి వేశారు:
గనిలో మందు పేల్చే పసుపు తీగ,
రెండు మెలికలు, లోపలికి దోపిన కొస.

ముప్పై ఏళ్లు మందు కూరి బండలు పేల్చినవాడు వెర్లన్.
ఆ ముడిని అతని గేటుకు చూశాను.
అతని అన్నం డబ్బా మూతకు చూశాను.

గుర్రం చెంపల మీద అతని చేతులు
కదల్లేదు.
మంచు పడుతోంది,
అతని టోపీ మీద, దాని రెప్పల మీద.
"కానియ్" అన్నాడు.
"మత్తు దిగిపోతుంది."

కోశాను.
ముడిని మాత్రం, ఎందుకో, తెంపకుండా
పక్క నుంచి కోసి
జేబులో వేసుకున్నాను.
డెల్ఫియా చూసింది.
చూడనట్టు ఉప్పునీళ్ల బకెట్
వెర్లన్ చేతికిచ్చింది.
గంటసేపు కడిగాడు ఆ గాడిని.
వేలు పట్టేంత లోతు.

మత్తు వదిలాక ఎర్రది తూలింది.
తల విదిల్చింది ఒకసారి, మళ్లీ, మళ్లీ,
లేని తాడును ఇంకా విదిలించుకుంటూ.

కిందికి దిగేటప్పుడు
తాళాలు నాకిచ్చేశాడు వెర్లన్.
ట్రైలర్ బరువుగా ఉంది.
లోయలో ఎవరికీ చప్పుడు వినపడి ఉండదు.

రెండో మలుపు దగ్గర
అద్దంలోంచి బయటికి చూస్తూ
"దాని పేరు పెన్నీ" అన్నాడు.

నేను గేరు మార్చాను.